బ్లాక్ ఫారెస్ట్‌లో వేసవి కచేరీ: పౌల్ హిండెమిత్ కథ

సంగీతోత్సవం అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది తిరువయ్యూరు. కావేరి ఒడ్డున, పుష్య బహుళ పంచమి నాడు, విద్వాంసులంతా వరసగా కూర్చుని పంచరత్నాలు పాడే దృశ్యం. అమెరికాలో ఉన్నవాళ్ళకయితే 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ ఆరాధన. ఈ రెండూ ఒక మహానుభావుడి పాటల్ని భక్తితో తలచుకునే పండగలు. నేను చెప్పబోయే ఉత్సవం దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. అక్కడ పాతపాట పనికిరాదు. ఎవరికీ పెద్దగా పేరు తెలియని కుర్రవాళ్ళు కొత్తగా రాసిన సంగీతం మాత్రమే వినిపించాలని నియమం పెట్టుకుని, 1921 వేసవిలో జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో మొదలుపెట్టారు. ఆ ఊరి పేరు డొనావెషింగెన్. ఆ ఉత్సవం ఒక్కరాత్రిలో పైకి తెచ్చిన మనిషి పౌల్ హిండెమిత్.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి, చదివింది ఇంజనీరింగ్. సంగీతంలో నాది కేవలం వినికిడి జ్ఞానం. అయినా ఈయన గురించి రాయాలనిపించడానికి కారణం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య స్వరకర్తల్లో ఈయన పేరు స్ట్రావిన్‌స్కీ, బార్టోక్, షోన్‌బెర్గ్‌ల పక్కన చెప్తారు. అది ఒక సంగతి. పుట్టిన దేశం వదిలి అమెరికా వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నతో మిగతా జీవితం గడిపిన మనిషి ఆయన. అది మన సభలకొచ్చే వాళ్ళెవరికీ కొత్త ప్రశ్న కాదు కదా!

పుట్టింది 1895 నవంబరు 16న, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న హనావ్‌లో. తండ్రి ఇళ్ళకి రంగులు వేసే పనివాడు. తనకి సంగీతం నేర్చుకునే అవకాశం దొరకలేదన్న కసి ఆయనలో బాగా ఉండేది. దాన్ని పిల్లల మీద తీర్చుకున్నాడు. పౌల్, చెల్లెలు టోనీ, తమ్ముడు రూడాల్ఫ్ ముగ్గుర్నీ కఠినంగా సాధన చేయించి, ఒక పిల్లల బృందంగా తయారుచేసి ఊళ్ళు తిప్పి కచేరీలు పెట్టించాడు. మన దగ్గర కూడా బాలమేధావుల వెనక ఇలాంటి తండ్రులు కనిపిస్తూనే ఉంటారు. ఆ తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి 1915లో చనిపోయాడు.

పౌల్ వాయిద్యం ఫిడేలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ సంగీత కళాశాలలో అడాల్ఫ్ రెబ్నర్ అనే పేరున్న గురువు దగ్గర చేరాడు. ఇంట్లో డబ్బు లేదు కనుక చదువుకుంటూనే సంపాదించాలి. వేసవిలో స్విట్జర్లాండ్ కొండల్లోని విహారకేంద్రాలకి వెళ్ళి, హోటళ్ళలో షికారుకొచ్చిన వాళ్ళు భోంచేస్తుంటే వాద్యబృందంలో కూర్చుని వాయించేవాడు. వాల్ట్‌జ్ పాటలు, మార్చింగ్ పాటలు, సినిమా హాళ్ళలో మూకీ చిత్రాల వెనక సంగీతం, ఏది ఇస్తే అది. పెద్ద సంగీతం, చిన్న సంగీతం అన్న పట్టింపు ఆయనకి జీవితాంతం లేకపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. ఇరవయ్యేళ్ళు దాటీ దాటకుండానే ఫ్రాంక్‌ఫర్ట్ ఒపెరా వాద్యబృందంలో మొదటి ఫిడేలు కుర్చీ దక్కింది.

1917లో సైన్యంలోకి పిలుపొచ్చింది. 1918 మొదట్లో ఆల్సేస్ ప్రాంతంలోని రెజిమెంటు బ్యాండులో వేశారు. జర్మనీలోని మంచి ఫిడేలు విద్వాంసుల్లో ఒకడి చేతికి అక్కడ ఇచ్చింది ఏమిటయ్యా అంటే, పెద్ద డోలు! అదృష్టవశాత్తూ ఆ దళాధిపతి సంగీతప్రియుడు. సిపాయిల్లోంచి నలుగుర్ని ఏరి ఒక తంత్రీ చతుష్టయం, అంటే రెండు ఫిడేళ్ళు, ఒక వయోలా, ఒక చెల్లో ఉండే స్ట్రింగ్ క్వార్టెట్, ఏర్పాటు చేయించుకుని తన కోసం వాయించమనేవాడు. 1918 మార్చిలో ఒకరోజు వాళ్ళు ఫ్రెంచి స్వరకర్త డెబ్యుస్సీ రాసిన క్వార్టెట్ వాయిస్తుండగా, డెబ్యుస్సీ చనిపోయాడన్న వార్త రేడియో ద్వారా అందింది. వాయిద్యం మధ్యలో ఆగిపోయింది. వాళ్ళు జర్మన్ సిపాయిలు, చనిపోయినవాడు శత్రుదేశం వాడు. హద్దుల్ని దాటి వెళ్ళే శక్తి సంగీతానికి ఉందని తనకి ఆ క్షణంలోనే అర్థమయిందని హిండెమిత్ తర్వాత రోజుల్లో తలచుకునేవాడు. కొద్దికాలానికే కందకాల్లోకి పంపారు. గ్రెనేడు దాడిలోంచి కేవలం అదృష్టం వల్ల బయటపడ్డాడు.

యుద్ధం అయ్యాక తిరిగొచ్చి ఫిడేలు వదిలి వయోలా పట్టుకున్నాడు. వయోలా అంటే ఫిడేలు కన్నా కొంచెం పెద్దది, గొంతు కాస్త బొంగురు. వాద్యబృందంలో పక్కవాద్యం లాంటి స్థానం దానిది. దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టిన వాళ్ళలో ఈయన ముఖ్యుడు.

ఇప్పుడు డొనావెషింగెన్ సంగతి. బ్లాక్ ఫారెస్ట్ అంచున ఉంటుంది ఆ ఊరు. బ్రెగ్, బ్రిగాఖ్ అనే రెండు చిన్న ఏళ్ళు అక్కడ కలిసి డాన్యూబ్ నది అవుతాయి. అడవి, కొండలు, పచ్చిక బయళ్ళు, గోధుమ చేలు. వేసవిలో గాలి మార్పు కోసం వచ్చేవాళ్ళు. ఊరికంతా పెద్దదిక్కు ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ రాజవంశం. మన పిఠాపురం, బొబ్బిలి, విజయనగరం సంస్థానాల లాంటిదే అనుకోండి. వాళ్ళ కోటకి 1766లో పదేళ్ళ మోజార్ట్ వచ్చి వాయించి వెళ్ళాడు. గ్రంథాలయంలో అపురూపమైన రాతప్రతులు ఉండేవి. వాళ్ళకి బీరు తయారీ వ్యాపారం కూడా ఉండేది. 1918లో జర్మనీలో రాజరికాలు పోయాయి కానీ ఆస్తులు మిగిలాయి. రాజుగారైన రెండో మాక్స్ ఎగోన్ దగ్గర హైన్రిఖ్ బుర్కార్డ్ అనే సంగీత దర్శకుడు ఉన్నాడు. యుద్ధంలో ఓడి చితికిపోయిన దేశంలో కుర్ర స్వరకర్తలు రాసినవాటిని వినిపించే దిక్కులేదు, వాళ్ళకి వేదిక కల్పిద్దామని ప్రభువుని ఒప్పించాడు. రిఖార్డ్ స్ట్రౌస్ లాంటి పెద్దలు తమ పేరు ఇచ్చారు.

అదే కాలంలో మన విజయనగరంలో ఏం జరుగుతోందో చూడండి. 1919లో విజయరామ గజపతి మహారాజా సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఫిడేలు ఆచార్యులుగా తీసుకొచ్చారు. నాయుడుగారు పుట్టింది 1893, హిండెమిత్ కన్నా రెండేళ్ళు పెద్ద. ఇద్దరి వాయిద్యం ఒకటే, ఇద్దరికీ నీడనిచ్చింది చిన్న ఊళ్ళ ప్రభువులే. ఒకరి గురించి ఒకరు విని ఉంటారా అంటే, బహుశా లేదు.

ఎందుకు ఛేంబర్ మ్యూజిక్ అన్నది కూడా చెప్పాలి. ఇది ఒక గదిలో సరిపోయే సంగీతం. ముగ్గురో నలుగురో పదిమందో వాద్యకారులు, ఒక్కొక్కరిది ఒక్కో వరస, ముందు కర్ర ఊపే మనిషి అక్కర్లేదు. వందమంది ఆర్కెస్ట్రాకి డబ్బు ఎవరిస్తారు ఆ కరువు రోజుల్లో? కొత్త ప్రయోగాలు చేయడానికి చవకైన దారి ఇది. మన భాషలో చెప్పాలంటే పెద్ద ప్రాజెక్టుకి నిధులు లేనప్పుడు నలుగురు కుర్రాళ్ళు ఒక గదిలో కూర్చుని నమూనా తయారు చేసినట్టు.

మొదటి ఉత్సవం 1921 జులై 31న మొదలైంది. హిండెమిత్ పంపిన మూడో స్ట్రింగ్ క్వార్టెట్ కార్యక్రమంలో ఉంది. వాయించాల్సింది హావెమన్ అనే పేరున్న బృందం. ఆ కాగితాలు చూసి ఇది మావల్ల కాదని వాళ్ళు తప్పుకున్నారు. ఇంకొకరైతే బతిమాలుకునేవారు, లేదా అలిగి ఇంటికి పోయేవారు. ఈయన ఆ రెండూ చేయలేదు. లిక్కో అమార్ అనే ఫిడేలు విద్వాంసుణ్ణి పట్టుకున్నాడు. రెండో ఫిడేలుకి వాల్టర్ కాస్పర్. చెల్లోకి తమ్ముడు రూడాల్ఫ్. వయోలా తనే. ఆగస్టు 1న వాయించేశారు. వారాంతం గడిచేసరికి జర్మనీలో కొత్త సంగీతం అంటే హిండెమిత్ పేరే. అవసరానికి పుట్టిన ఆ నలుగురి జట్టు అమార్ క్వార్టెట్ పేరుతో 1929 దాకా యూరప్ అంతా తిరిగింది.

మరుసటి ఏడు ఇంకా గడుసు పని చేశాడు. పన్నెండు వాయిద్యాలకి రాసిన కమ్మర్‌మ్యూజిక్ మొదటి రచనలో అకార్డియన్, ఇసుక నింపిన రేకుడబ్బా, చివర్లో కర్మాగారాల్లో మోగే సైరన్ కూడా పెట్టాడు. కోటలో ఆ సైరన్ మోగితే విన్నవాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో ఊహించుకోవచ్చు. 1923 నుంచి ఏ రచనలు ఎంపిక చేయాలో నిర్ణయించే కమిటీలో తనే ఒకడయ్యాడు. తనకి నచ్చే పద్ధతి కాకపోయినా షోన్‌బెర్గ్, వేబెర్న్‌ల రచనల్ని 1924లో వాళ్ళ సమక్షంలోనే వినిపించారు. నాకు ఈయన మీద గౌరవం పెరిగింది ఇక్కడ. కమిటీలో కూర్చున్న కళాకారులు తన బాపతు వాళ్ళనే పిలవడం ఎంత సులువో మనకి తెలియనిది కాదు.

1926 ఉత్సవం నాబోటి వాళ్ళకి మరీ ఆసక్తికరం. ఆ ఏడు యంత్రసంగీతం పెట్టారు. ఫ్రైబుర్గ్‌లో వెల్టె అనే కంపెనీ కాగితపు చుట్టకి రంధ్రాలు పొడిచి పియానో తనంతట తానే మోగేట్టు చేసేది. హిండెమిత్ మనిషి వేళ్ళకి సాధ్యంకాని వేగంతో ఆ పియానోకి రచన చేశాడు. రంధ్రం ఉంటే స్వరం, లేకపోతే నిశ్శబ్దం. దీన్ని ప్రోగ్రాం అనక ఏమంటాం? నాలుగేళ్ళ తర్వాత బెర్లిన్‌లో ట్రౌట్‌వైన్ అనే ఇంజనీరు ట్రౌటోనియం అనే విద్యుత్ వాయిద్యం చేస్తే దానికీ మొదట రాసినవాడు ఈయనే; మూడు ట్రౌటోనియంల కచేరీలో తనూ కూర్చుని వాయించాడు. ఇంట్లో ఆయన సరదా ఆటబొమ్మ రైళ్ళు. బెర్లిన్ ఇంట్లో గదుల నిండా పట్టాలు పరిచి, టైంటేబుల్ రాసి, వచ్చిన పెద్ద పెద్ద సంగీత విద్వాంసుల చేత సిగ్నళ్ళు వేయించేవాడట.

1924లో గెర్‌ట్రూడ్‌ని పెళ్ళాడాడు. ఆవిడ ఫ్రాంక్‌ఫర్ట్ ఒపెరా సంగీత దర్శకుడు లుడ్విగ్ రొట్టెన్‌బెర్గ్ కూతురు. రొట్టెన్‌బెర్గ్ యూదుడు. ఆ రోజుల్లో అది ఎవరూ పట్టించుకోని వివరం. కాపురం ఎక్కడంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెయిన్ నది ఒడ్డున పశువుల కాపరుల బురుజు అని పిలిచే పాతకాలపు కోట బురుజులో.

1927లో ఉత్సవం బాడెన్-బాడెన్‌కి మారింది. అదే ఏడు బెర్లిన్ సంగీత విద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. అప్పటినుంచి ఆయన దృష్టి మళ్ళింది. కచేరీ హాలులో టిక్కెట్టు కొని కూర్చునే కొద్దిమంది కోసం కాకుండా, మామూలు జనం, పిల్లలు తమంతట తాము వాయించుకునే సంగీతం కావాలన్నాడు. 1932 జూన్‌లో చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. ఉత్తర జర్మనీలో హోల్‌స్టైన్ సరస్సుల ప్రాంతంలో ప్లోన్ అనే ఊరుంది, అదీ సెలవులకి వెళ్ళే చోటే. అక్కడి హాస్టల్ బడి పిల్లల కోసం ఒక రోజంతటికీ సరిపడా సంగీతం రాశాడు. పొద్దున్నే బురుజు మీంచి ఇత్తడి వాద్యాలు, మధ్యాహ్నం భోజనాల వేళకి ఒకటి, తర్వాత అందరూ కలిసి పాడేది, సాయంత్రం కచేరీ. గుళ్ళో మేలుకొలుపు నుంచి పవళింపు సేవ దాకా నాదస్వరం వినిపించే ఊళ్ళో పుట్టినవాడికి ఇందులో వింత కనపడదు. ఆయన రచనల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆలోచన ఇదే.

మరుసటి ఏడు జనవరిలో హిట్లర్ వచ్చాడు.

ఇక్కడ కథ తెలుపూ నలుపూగా లేదు. హిండెమిత్ యూదుడు కాదు, పేరున్న జర్మన్. ఆయనతో కలిసి వాయించినవాళ్ళలో యూదులున్నారు, భార్య తండ్రి యూదుడు, పాత ఒపెరాల్లో నాజీలకి నచ్చని ఘట్టాలున్నాయి. ఒకదాంట్లో స్నానాలతొట్టిలో కూర్చుని పాడే నాయిక ఉండటం హిట్లర్‌కి స్వయంగా కోపం తెప్పించిందంటారు. అయినా ఈయన వెంటనే వెళ్ళిపోలేదు. ఈ గాలివాన నాలుగు రోజుల్లో పోతుందనుకున్నాడు. పదహారో శతాబ్దపు రైతుల తిరుగుబాటు కాలంలో, కుంచె పట్టుకోవాలా, పోరాటంలో దిగాలా తేల్చుకోలేక నలిగిపోయిన గ్రూనెవాల్డ్ అనే చిత్రకారుడి కథ తీసుకుని ‘మాథిస్ డెర్ మాలెర్’ అనే ఒపెరా రాస్తూ కూర్చున్నాడు. అందులోంచి తీసిన సింఫనీని 1934 మార్చిలో ఫుర్ట్‌వెంగ్లర్ బెర్లిన్‌లో వాయిస్తే జనం నీరాజనం పట్టారు. ఒపెరాకి మాత్రం అనుమతి రాలేదు. నవంబరులో ఫుర్ట్‌వెంగ్లర్ పత్రికలో ఆయన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. ఫలితం? డిసెంబరులో ఫుర్ట్‌వెంగ్లర్ పదవులకి రాజీనామా చేయాల్సి వచ్చింది, గోబెల్స్ బహిరంగసభలో హిండెమిత్‌ని ఎండగట్టాడు, విద్యాలయం సెలవు మీద పంపింది. డొనావెషింగెన్ ప్రభువు మాక్స్ ఎగోన్ మాటేమిటంటారా? ఆయన 1933లోనే నాజీ పార్టీలో చేరిపోయాడు.

1935 నుంచి టర్కీ ప్రభుత్వం పిలుపు మీద నాలుగు దఫాలు వెళ్ళి అంకారాలో సంగీత విద్య ఎలా నడపాలో ప్రణాళిక వేసిచ్చాడు. జర్మనీలో ఉద్యోగాలు పోయిన సంగీతకారులు కొందరికి అక్కడ చోటు దొరకడానికి సాయపడ్డాడు. పాత మిత్రుడు లిక్కో అమార్ కూడా టర్కీలోనే తలదాచుకున్నాడు. మరో పక్క, 1936 జనవరిలో హిట్లర్‌కి విధేయత ప్రకటించే ప్రమాణపత్రం మీద ఈయన సంతకం చేశాడు. ఆయన్ని అభిమానించేవాళ్ళు ఈ సంగతి త్వరగా దాటేస్తుంటారు. దాటేయకూడదని నా అభిప్రాయం. ఉద్యోగం, ఇల్లు, భాష, శ్రోతలు, అన్నీ ఒకేచోట ఉన్న నలభయ్యేళ్ళ మనిషి వాటిని వదులుకోవడానికి ఎన్ని సాకులు వెతుక్కుంటాడో, ఎంత దూరం తలవంచుతాడో చూపించే కాగితం అది.

సంతకం చేసిన కొద్దిరోజులకే లండన్‌లో ఉన్నాడు, తన వయోలా రచన వాయించడానికి. జనవరి 20న అయిదో జార్జి చనిపోయాడు. అప్పటి మన దేశానికీ చక్రవర్తి ఆయనే కదా. కచేరీ రద్దు. మరి రేడియోలో ఏం వాయించాలి? బీబీసీ వాళ్ళు ఒక గదిచ్చారు. మర్నాడు పొద్దున్న పదకొండింటికి కూర్చుని సాయంత్రం అయిదింటికల్లా ‘ట్రౌవర్‌మ్యూజిక్’ అనే శోకగీతం రాసి, అదే రాత్రి తనే వయోలా పట్టుకుని రేడియోలో వాయించాడు. ఆరు గంటల్లో రాసింది ఇవాళ్టికీ వాయిస్తున్నారు!

1936 శరదృతువులో జర్మనీలో ఆయన సంగీతం మీద నిషేధం పడింది. 1937లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. 1938 మేలో ఒపెరా మొదటిసారి ప్రదర్శించింది జ్యూరిక్‌లో. అదే నెలలో డ్యుసెల్‌డోర్ఫ్‌లో నాజీలు పెట్టిన భ్రష్టసంగీత ప్రదర్శనలో ఈయన పేరూ ఉంది. సెప్టెంబరులో దంపతులిద్దరూ స్విట్జర్లాండ్ చేరారు. 1940 ఫిబ్రవరిలో ఈయన ఒక్కడూ ఓడెక్కి న్యూయార్క్ వచ్చాడు. గెర్‌ట్రూడ్ ఆ ఏడు సెప్టెంబరులో గానీ రాలేకపోయింది. ముందు ఒకరు రావడం, తర్వాత రెండోవాళ్ళు రావడం. వీసా కాగితాలతో కుస్తీ పట్టినవాళ్ళకి వేరే చెప్పాలా?

మొదటి వేసవి పాఠాలు ఎక్కడ చెప్పాడంటే, మాసచూసెట్స్‌లో బెర్క్‌షైర్ కొండల్లోని టాంగిల్‌వుడ్‌లో. మళ్ళీ పల్లెటూరు, మళ్ళీ వేసవి సంగీతం. కుసెవిట్స్కీ ఆ ఏడే అక్కడ వేసవి విద్యాలయం మొదలుపెట్టాడు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో 1953 దాకా ఆచార్యుడు. కఠినమైన గురువని పేరు. విద్యార్థుల చేత పాత వాయిద్యాలు బయటికి తీయించి, వందల ఏళ్ళ నాటి సంగీతం వాయించే బృందం నడిపాడు. 1946 జనవరిలో అమెరికా పౌరుడయ్యాడు. ఆ మేలోనే, లింకన్ మరణం మీద వాల్ట్ విట్మన్ రాసిన కవితకి సంగీతం కట్టి, రూజ్‌వెల్ట్‌కీ యుద్ధంలో పోయినవాళ్ళకీ నివాళిగా న్యూయార్క్‌లో వినిపించాడు. కొత్తగా వచ్చిన దేశపు దుఃఖాన్ని తన దుఃఖంగా చేసుకోవడమంటే ఇదే అనిపిస్తుంది.

యుద్ధం తర్వాత జర్మనీ మళ్ళీ పిలిచింది. వెళ్ళాడు, కచేరీలు నడిపాడు, ఉపన్యాసాలిచ్చాడు, బహుమతులు తీసుకున్నాడు. కాపురానికి మాత్రం వెళ్ళలేదు. 1953లో అమెరికా వదిలి స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు మీద బ్లోనే అనే ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడు. అటు పుట్టిన దేశమూ కాదు, ఇటు పౌరసత్వమిచ్చిన దేశమూ కాదు. ఈలోగా డొనావెషింగెన్ ఉత్సవాన్ని 1950లో నైరుతి జర్మన్ రేడియో అండతో అక్టోబరు నెలకి మార్చి మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటి కుర్రకారుకి ఈయన సంగీతం పాతచింతకాయ పచ్చడి. ముప్ఫయ్యేళ్ళ కిందట సైరన్ మోగించి పెద్దల్ని హడలెత్తించినవాడే ఇప్పుడు కొత్తవాళ్ళ ప్రయోగాల మీద విసుక్కునే పెద్దమనిషయ్యాడు. కుర్రతనంలో రాసిన కొన్నిటిని దిద్ది మళ్ళీ అచ్చేయించాడు కూడా. దిద్దకముందువే బాగున్నాయని చాలామంది వాద్యకారుల అభిప్రాయం.

1957లో మ్యూనిక్‌లో, గ్రహాల కదలికల్లో సంగీతం వెతికిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ మీద ఒపెరా వచ్చింది. ఏళ్ళ తరబడి మోసిన పని అది, జనం మాత్రం మర్యాదగా విని ఊరుకున్నారు. 1963 నవంబరు 12న వియన్నా చర్చిలో తన చివరి రచన, వాద్యాలు లేకుండా కేవలం గొంతులతో పాడే ఆరాధనా సంగీతం, తనే నడిపించి వినిపించాడు. ఆ తర్వాత ఆరోగ్యం చెడింది. డిసెంబరు 28న చనిపోయింది, చూడండి, ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో. ఎక్కడ మొదటి ఫిడేలు కుర్చీలో కూర్చున్నాడో ఆ ఊళ్ళోనే. ఖననం చేసింది మాత్రం స్విట్జర్లాండ్‌లో, బ్లోనే పక్కనున్న సెయింట్ లెజియేలో.

గెర్‌ట్రూడ్ 1967లో పోయింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆస్తి, రచనల హక్కులు ఆయన పేరున్న ఫౌండేషన్‌కి చెందాయి. ఆ ఫౌండేషన్ 1978లో బ్లోనేలో ఒక సంగీత కేంద్రం తెరిచింది. ఛేంబర్ మ్యూజిక్ నేర్చుకునే కుర్రవాళ్ళు శిక్షణ శిబిరాలకి అక్కడికి వస్తుంటారు. ఫ్రాంక్‌ఫర్ట్ బురుజు బాంబుల్లో దెబ్బతింటే మళ్ళీ కట్టారు, 2011 నుంచి అందులో ఆయన మ్యూజియం ఉంది. డొనావెషింగెన్ ఉత్సవానికి 2021లో నూరేళ్ళు నిండాయి. ఇప్పటికీ అక్టోబరులో ఒక వారాంతం ఆ చిన్న ఊరు నిండిపోతుంది, ఇప్పటికీ వినిపించేది అప్పటిదాకా ఎవరూ వినని రచనలే.